మలక్కా వీథులలో మన విద్యార్థులు

మదరాసు రేవునుండి ఆగ్నేయముగా బంగాళాఖాతము దాటి, సుమత్రా దీవికిని మలయా ద్వీపకల్పమునకును నడుమనున్న జలసంధిలో ప్రవేశించిన ఓడకు కుడిచేతి ప్రక్క సుమత్రా తీరము, ఎడమచేతి ప్రక్క మలక్కా పట్టణము తగులును. పూర్వము మన తూర్పుతీరపు వర్తకులకు ఇది పెరటిదారివంటిది. మదరాసు, సింగపూరుల నడుమ నడచిన ‘చిదంబరం’ అను ప్రయాణీకుల ఓడ మన పెద్దలలో కొందరికి జ్ఞాపకముండును. 1985లో అది అగ్నిప్రమాదమునకు గురియైన తరువాత ఆ దారి మూతబడినది. ఇప్పుడు విమానములో నాలుగు గంటలలో కౌలాలంపూరు, అచ్చటినుండి బస్సులో రెండు గంటలలో మలక్కా చేరవచ్చును. గత డిసెంబరు సెలవులలో మన సంఘసభ్యుల పిల్లలు ఇరువది ఇద్దరు ఆ విధముగనే పోయి చూచివచ్చినారు. వారిని వెంటబెట్టుకొని పోయిన ఇద్దరు ఉపాధ్యాయులలో నేనొకడను. ఉగాది సంచికకు యాత్రను గురించి నాలుగు మాటలు వ్రాయుమని సంపాదకవర్గమువారు కోరినారు. ఎక్కడ బసచేసితిమి, ఏమి తింటిమి అను విశేషములు పిల్లలు ఇదివరకే ఇంటింట చెప్పియున్నారు గనుక వానిని విడిచి, ఆ ఊరి చరిత్రనే చెప్పెదను. అందులో మన తీరమువారి పాలు సామాన్యమైనది కాదు.

ఈ పిల్లలలో ఎక్కువమంది మదరాసులోనే పుట్టినవారు. కొందరి తాతలు సైతము ఇక్కడ పుట్టినవారే. ఇంటిలో తెలుగు, వీథిలో తమిళము, బడిలో ఇంగ్లీషు. అందరును తెలుగు మాటలాడుదురు గాని, చదువ నేర్చినవారు పదిమందికి మించరు. ఈ సంగతి ఇక్కడ ఎందులకు చెప్పుచున్నానో ముందు తెలియగలదు.

మలక్కా పుట్టినది 1400 ప్రాంతమున. పాలెంబాంగు రాజకుటుంబమువాడైన పరమేశ్వరుడు సుమత్రాను విడిచి, నేటి సింగపూరు దీవిలో కొంతకాలముండి, అచ్చటినుండియు తరుమబడి, ఒక చిన్న యేటి మొగకు చేరుకొన్నాడు. ఒకనాడు చెట్టునీడను కూర్చుండి వేట చూచుచుండగా, కుందేలంత మాత్రమే ఉండు ఒక జాతి జింక వేటకుక్కను కాలితో తన్ని యేటిలో పడద్రోసినదట. ఇంతటి పౌరుషముగల నేలను విడువరాదని అక్కడనే ఊరు కట్టించినాడట. విజయనగరము కట్టకముందు కుందేలు వేటకుక్కలను తరిమిన కథ విన్నవారికి ఇది వింతగా తోచదు. రాజులకు నేల చూపుటకు కుందేళ్ళును జింకలును ఎల్లప్పుడును సిద్ధముగనే ఉన్నవి. ఆ చెట్టు పేరేమని అడుగగా ‘మలక’ అన్నారట. అది మన ఉసిరిక జాతి చెట్టు. సంస్కృతపు ‘ఆమలక’ శబ్దమే అక్కడ మలక అయినది. ఈ మాట చెప్పిన క్షణమునుండి మా పిల్లలు ఆ మహానగరమును ‘ఉసిరిపాడు’ అని పిలువసాగినారు.

ఉసిరిపాడు రెండు మూడు తరములలో ప్రపంచ ప్రసిద్ధమైన రేవైనది. దానికి మొదటి కారణము గాలి. నైరుతి పవనము మన ఓడలను, గుజరాతు ఓడలను తూర్పునకు తీసుకొనిపోవును. ఈశాన్య పవనముతో చీనా ఓడలు దిగివచ్చును, మన ఓడలు ఇంటికి మరలును. రెండు గాలుల నడుమ నెలల తరబడి వర్తకులు కాచుకొనియుండవలసిన చోటు మలక్కా. కాచుకొనియుండువానికి ఇల్లు కావలెను, సరుకునకు గిడ్డంగి కావలెను. గిడ్డంగి అను మన మాట మలయ్ భాషలో ‘గుడాంగ్’ అయినదనియు, ఇంగ్లీషువారి ‘గోడౌను’ దానినుండియే వచ్చినదనియు నిఘంటుకారులు వ్రాసినారు. తమిళమున ‘కిడంగు’ కూడ కలదు గనుక ఆ కీర్తిని మనమొక్కరమే మూట కట్టుకొన నక్కరలేదు. రెండవ కారణము చీనావారి ఆదరణ. 1405 మొదలుకొని చీనా నౌకాధిపతి జెంగ్ హే గొప్ప నౌకాదళములతో ఈ సముద్రములలో తిరిగినాడు. 1411లో పరమేశ్వరుడు తానే చీనా చక్రవర్తి దర్శనమునకు పోయినాడు. ఆ అండ చూచి ఇరుగుపొరుగు రాజులు మలక్కా జోలికి రాలేదు. కొలది కాలములోనే ఆ రాజవంశము ఇస్లామును స్వీకరించి సుల్తానులైనది.

పోర్చుగీసు ఔషధ వర్తకుడు తోమే పిరేస్ 1512 నుండి 1515 వరకు మలక్కాలో ఉండి, చూచినది చూచినట్లు పుస్తకముగా వ్రాసినాడు. ఆ రేవులో ఎనుబదినాలుగు భాషలు వినబడునని అతని లెక్క. వచ్చిన ఓడలను చూచుకొనుటకు నలుగురు షాబందరులు, అనగా రేవు అధికారులు, ఉండెడివారు. గుజరాతీలకు ఒకడు, మన తూర్పుతీరము, వంగము, పెగూ, పసై ఓడలకు ఒకడు, జావా, మొలక్కాలు మొదలగు తూర్పు దీవులవారికి ఒకడు, చీనా, చంపా దేశములవారికి ఒకడు. ఎవరి భాష వానికి తెలిసిన అధికారి. పడమటినుండి వచ్చిన సరుకుపై నూటికి ఆరు సుంకము. సరుకు విలువ కట్టుటకు పదిమంది వర్తకులను కూర్చుండబెట్టెడివారు. వారిలో ఐదుగురు ఇతర దేశములవారు, ఐదుగురు ‘కెలింగులు’.

ఈ కెలింగులెవరు? కళింగమునుండి పుట్టిన మాట ఇది. కళింగ తీరమువారిని పిలిచిన పేరు కాలక్రమమున తూర్పుతీరమంతటికి వ్యాపించి, తెలుగువాడైనను తమిళుడైనను, హిందువైనను ముసల్మానైనను, ఓడ దిగిన ప్రతివాడును మలయ్ నోట కెలింగు అయినాడు. జావా శాసనములలో కూడ పరదేశ వర్తకుల పట్టికలో ఈ పేరు కలదు. వారు తెచ్చిన సరుకులలో ముఖ్యమైనది గుడ్డ. పులికాటు, మచిలీపట్టణముల అద్దకపు గుడ్డలు, చారల గుడ్డలు లేనిదే తూర్పు దీవులలో లవంగము గాని జాజికాయ గాని దొరకెడిది కాదు. అక్కడివారికి నాణెముకంటె గుడ్డమీదనే మక్కువ. ఆ రోజులలో పులికాటు విజయనగరము ఏలుబడిలోని రేవు, కృష్ణదేవరాయల కాలము. అనగా పెనుగొండ, చంద్రగిరి సీమలలో నూలు వడికిన ఆడువారి కష్టము గుడ్డయై, మలక్కాలో మిరియమై, లవంగమై, యూరపు పాకశాలలకు పోయినదన్నమాట.

రేవు పెరుగుటకు గాలియు గుడ్డయు చాలవు, నమ్మకము కావలెను. మలక్కా సుల్తానులకు సముద్ర న్యాయశాస్త్రమొకటి ఉండెడిది. ఓడమీద నాఖుదాకు రాజుతో సమానమైన అధికారము. రేవు చేరిన తరువాత మొదట నాఖుదా, పిదప తోటి వర్తకులు, ఆ పిదప నావికులు తమ సరుకు అమ్ముకొనవలెనని అందులో ఏర్పాటు. దీనిని చెప్పునపుడు మా పిల్లలకు మోటుపల్లి సంగతి చెప్పితిని. మలక్కా పుట్టుటకు నూటయేబది సంవత్సరములు ముందే, 1244–45లో, కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో అభయశాసనము వేయించినాడు. అంతకుముందు తుపానుకు దెబ్బతిని గట్టుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ధనమును రాజులు లాగుకొనెడివారు. గణపతిదేవుడు ఆ అన్యాయము మాన్పించి, నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసుకొనబోమని పరదేశ నావికులకు మాట ఇచ్చినాడు. మార్కోపోలో ‘ముత్‌ఫిలి’ అన్నది ఈ మోటుపల్లినే. ఇప్పుడు అది బాపట్ల జిల్లాలో ఒక పల్లెటూరు. ఇరువది ఇద్దరిలో ఆ పేరు విన్నవాడు ఒక్కడు. వాని అమ్మమ్మగారిది చీరాల.

ఇక పోర్చుగీసువారు. 1509లో వారి ఓడలు మొదటిసారి వచ్చినవి. సుల్తానునకు అనుమానము పుట్టి కొందరిని బంధించినాడు. 1511లో గోవానుండి అల్బుకర్కు సుమారు 1,200 మందితో వచ్చి ఆగస్టు నెలలో నగరమును పట్టుకొన్నాడు. దోచిన సొమ్ముతో ఆతడు బయలుదేరిన ‘ఫ్లోర్ దె లా మార్’ అను ఓడ సుమత్రా తీరమున మునిగిపోయినది. ఆ ఓడ నమూనాను యేటి ఒడ్డున 34 మీటర్ల ఎత్తున కట్టి, దానిలో నౌకాచరిత్ర ప్రదర్శనశాల పెట్టినారు. 1994 నుండి అది జనమునకు చూపుచున్నారు. దోచుకొనిపోయినవాని ఓడను దోపుడుపడిన ఊరివారే కట్టి టిక్కెట్టు పెట్టి చూపించుట నాకు తమాషాగా తోచినది. పిల్లలు మాత్రము దానిని విడిచి రాననిరి.

ఈ సందర్భమున చెప్పవలసినవాడు నైనా చాటు. పోర్చుగీసు రాతలలో అతని పేరు ఇట్లున్నది. నైనా చెట్టి అని కొందరు సవరించి చదువుదురు. తూర్పుతీరపు హిందూ వర్తకుడు, ధనవంతుడు. 1509లో బందీలైన పోర్చుగీసువారికి రహస్యముగా తిండియు సాయమును చేసినవాడు. నగరము చేతికి రాగానే పోర్చుగీసువారు అతనికి బెందహార, అనగా ప్రధానాధికారి, పదవి ఇచ్చినారు. మూడేండ్లు తిరుగకముందే, 1514లో, ఆ పదవిని తీసివేసి కంపారు రాజునకు ఇయ్య నిశ్చయించినారు. నైనా చాటు ఆ అవమానమును సహింపలేదు. అందరు చూచు చోట మంచె కట్టించి, గంధపు చెక్కలతో చితి పేర్చించి, మంచి బట్టలు ధరించి, తాను చేసిన ఉపకారమును వారు చేసిన అపకారమును జనమునకు చెప్పి అగ్నిలో దూకినాడని పోర్చుగీసు చరిత్రకారులే వ్రాసినారు. పదవి పొందిన కంపారు రాజునకును మేలు జరుగలేదు. అతనిని కొలది కాలములోనే ఆ ప్రభువులే చంపించినారు.

“అయితే మాస్టారూ, ఆయన ద్రోహే కదా? ఊరిని అప్పజెప్పాడు!” అని ఒక కుర్రవాడు అడిగినాడు. “ఊరు ఆయనది కాదుగా, సుల్తానుది” అని ఒక అమ్మాయి అన్నది. “అక్కడే ఉంటూ, అక్కడే సంపాదిస్తూ ఆయనది కాదంటే ఎట్లా?” అని మరొకడు. కోటగుమ్మము ఎదుట ఎండలో అరగంట వాదము నడచినది. నేను తీర్పు చెప్పలేదు. ఒక్క మాట మాత్రము చెప్పితిని. పరదేశమున బ్రతుకు వర్తకునకు రాజు మారినపుడెల్ల ఎటు నిలువవలెనన్న ప్రశ్న ఇంటి వాకిటనే నిలుచును. 1510లో సుల్తాను తన సొంత బెందహారను, మేనమామ వరుసవానిని, కుటుంబముతో చంపించియున్నాడు. అట్టి రాజునకు కట్టుబడియుండుటయు అంత తేలిక కాదు.

కోటగుమ్మము అంటిని గదా. మసీదుల రాళ్ళు, సుల్తానుల గోరీల రాళ్ళు ఊడదీసి అల్బుకర్కు కట్టించిన ‘ఆ ఫమోసా’ అను కోటలో ఈ ఒక్క గుమ్మమే మిగిలినది. డచ్చివారు 1641 జనవరిలో జొహోరు రాజు సాయముతో, నెలల ముట్టడి తరువాత, నగరమును గెలిచినారు. గుమ్మముపై వారు చెక్కించిన 1670 అను సంవత్సరము నేటికిని కనబడును. 1795లో ఇంగ్లీషువారి చేతికి వచ్చినది. డచ్చివారికి మరల ఇయ్యవలసివచ్చునేమో, గట్టి కోట ఎందుకు ఇయ్యవలెనని, 1807లో తుపాకిమందు పెట్టి కోటనంతయు పేల్చివేసినారు. అప్పుడు పదునొకండేండ్ల బాలుడైన మున్షీ అబ్దుల్లా తరువాత దానిని తన ఆత్మకథలో వ్రాసినాడు. ఈ అబ్దుల్లా మాట మరల వచ్చును.

ఒకప్పుడు అలలు కొట్టిన ఈ గుమ్మము ముందు సముద్రమును పూడ్చి అంగళ్ళు, హోటళ్ళు లేపినారు. సముద్రమెక్కడ అని పిల్లలు అడిగినారు. ఎదుటి మైదానములోనే 1956 ఫిబ్రవరి 20వ తేదీన తుంకు అబ్దుల్ రహమాను స్వాతంత్ర్యపు తేదీని ప్రకటించినాడు. 1957 ఆగస్టు 31న ఆ స్వాతంత్ర్యము వచ్చినది.

గుమ్మము వెనుక కొండమీద 1521లో పోర్చుగీసువారు కట్టిన సెయింటు పాల్ చర్చి, కప్పులేని గోడలుగా ఉన్నది. చీనా తీరమున 1552లో మరణించిన ఫ్రాన్సిస్ జేవియరు దేహమును 1553లో గోవాకు పోవుదారిలో కొన్ని నెలలు ఇక్కడనే పాతిపెట్టినారు. ముందు నిలిచిన ఆయన విగ్రహమునకు కుడిచేయి లేదు. ఆయన దేహమునుండి కుడి ముంజేతిని 1614లో వేరుచేసి రోమునకు తీసుకొనిపోయినారు గనుక, విగ్రహపు చేయి విరుగుటను జనము వింతగా చెప్పుకొందురు. లోపల గోడల కానించి నిలువెత్తు డచ్చి సమాధి ఫలకములున్నవి. ఓడ బొమ్మలు, వంశచిహ్నములు, లోతుగా చెక్కిన అక్షరములు. నాకు వెంటనే పులికాటు స్మశానము తలపునకు వచ్చినది. అదే కంపెనీ, అదే పని. డచ్చివారు 1605లో మచిలీపట్టణము, 1610లో పులికాటు చేరి, 1613లో అచ్చట గెల్డ్రియా కోట కట్టినారు. 1690 వరకు ఈ తీరమునకు వారి ముఖ్యస్థానము పులికాటే. గుడ్డలతోపాటు కరవురోజులలో మనుష్యులను కూడ బానిసలుగా ఓడలకెక్కించి బటేవియాకు పంపినారు. సమాధి ఫలకములపై ఆ లెక్కలు చెక్కలేదు.

కొండ క్రింద ఎర్రని డచ్చి కట్టడములు, 1650 ప్రాంతపు స్టాడ్‌హౌసు, 1753లో పూర్తియైన క్రైస్తు చర్చి, అందరు ఫోటోలు తీసుకొను చోటు. చర్చి కప్పు దూలములు అతుకు లేకుండ ఒక్కొక్కటి ఒక్కొక్క మానునుండి తీసినవి. అంతకుమించి నాకు అక్కడ నిలువబుద్ధి కాలేదు. యేటి వంతెన దాటితిమి.

యేటి ఆవలి ఇరుకు వీథులలో ఉన్నది అసలు మలక్కా. 2008లో ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ పెనాంగులోని జార్జిటౌనుతో కలిపి దీనిని ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చినది. కంసాలి వీథి అని అర్థమిచ్చు జలాన్ తుకాంగ్ ఎమాసులో వినాయకుని గుడి, దానికి కొలది అడుగులలో మసీదు, మరికొంత దూరమున పదునేడవ శతాబ్దపు చెంగ్ హూన్ తెంగ్ అను చీనా ఆలయము. వినాయకుని గుడికి డచ్చి ప్రభుత్వము ఇచ్చిన స్థలమున 1781లో తైవనాయకం చిట్టి కట్టించినాడు. మలేషియాలో నేటికిని పూజ జరుగు హిందూ దేవాలయములలో ఇదే పాతది. మా పిల్లలు పేరు చదువలేదు, గుంజీళ్ళు తీసినారు. ప్రక్కనున్న మసీదు 1748లో కొయ్యతో కట్టి, 1872లో ఇటుకతో మరల కట్టినది. మూడంతస్తుల కప్పు జావా తీరు, మీనారు చీనా గోపురము తీరు, గోడల పెంకులు యూరపునుండి వచ్చినవి, ప్రసంగపీఠముపై చెక్కడపుపని మన శిల్పుల పోలిక. దాని పేరు కంపోంగ్ కెలింగ్ మసీదు, అనగా కెలింగుల వాడ మసీదు.

ఆ పేరు పలక చూచి పిల్లలు గట్టిగా చదివి నవ్వుకొనుచుండగా, మాకు ఊరు చూపుచున్న ఆమె గొంతు తగ్గించి, “చిక్‌గూ, ఆ మాటను ఇక్కడ ఎవరితోను అనవద్దని పిల్లలకు చెప్పండి” అన్నది. చిక్‌గు అనగా మలయ్‌లో పంతులుగారు. నేడు మలేషియాలో కెలింగు అనుట భారతీయుని తిట్టుట. రబ్బరు తోటలకు కూలీలుగా మనవారిని ఓడలలో దింపిన కాలమున ఆ మాట వన్నె తగ్గి, చివరకు తిట్టైనది. సరుకు విలువ కట్టుటకు పదిమందిలో ఐదుగురుగా కూర్చున్నవారి పేరు అది. మాట అదే, దిగినవాని చేతిలో గుడ్డలమూట ఉన్నదా, గునపమున్నదా అనుటలోనే భేదమంతయు ఉన్నది.

మున్షీ అబ్దుల్లా సంగతి ఇక్కడ చెప్పవలెను. అరబ్బు, తమిళ రక్తములు కలిసిన మలక్కా కుటుంబమువాడు. 1796లో పుట్టినాడు. తండ్రి తనను చిన్ననాట తమిళము నేర్చుకొనుటకు పంపినాడనియు, లెక్కలు వ్రాయుటకు, వర్తకులతో మాటలాడుటకు మలక్కాలోని మంచి కుటుంబములవారందరు ఆ భాష నేర్చుట పూర్వాచారమనియు వ్రాసినాడు. ఇరుగుపొరుగువారు పనిగట్టుకొని నేర్చిన భాష అది. మరి దానిని ఇంటిభాషగా తెచ్చుకొన్నవారి సంతతి ఏమైనది?

మమ్ము నడిపించుచున్న ఆమె ఆ సంతతిదే. మధ్యాహ్నము మమ్ము గజా బెరాంగులోని చిట్టి వాడకు తీసుకొనిపోయినది. మలక్కా చిట్టీలనువారు సుల్తానుల కాలమునుండి ఉన్న తూర్పుతీరపు వర్తకుల వంశీకులు. మన శెట్టి పదమే వారి జాతి పేరైనది. ఓడమీద స్త్రీలు రాలేదు. వర్తకులు స్థానిక స్త్రీలను పెండ్లాడినారు. పిల్లలకు తల్లిభాష మలయ్ అయినది. నేడు వారి ఇంటిమాట ఒక తీరు మలయ్. ఆడువారు మలయ్ తీరున సారోంగు, కెబాయా కట్టుదురు. దేవుడు మాత్రము మారలేదు. 1822 నాటి మారియమ్మ గుడి వాడ మొగను ఉన్నది. వాకిళ్ళకు మామిడాకు తోరణములున్నవి. సంక్రాంతికి ముందురోజున ‘భోగి’ చేయుదురు. ఆ రోజు పెద్దలను తలచి, వారికి ఇష్టమైన వంటలు అరటియాకులలో వడ్డింతురు. ఆ వంటలలో కొబ్బరిపాలతో వండిన మలయ్ అన్నము కూడ ఉండును. “మేం భోగినాడు మంటలేస్తాం, తలంట్లు పోసుకుంటాం” అని మావారు చెప్పగా ఆమె ఆసక్తితో విన్నది. ఇంటిపేర్లు పిళ్ళె, చిట్టి, నాయికర్. నాయికర్ అనగానే మాలో నాయుళ్ళు చెవులు నిక్కించినారు. పేరొక్కదానిని పట్టుకొని చుట్టరికము కలుపరాదని చెప్పి ఊరుకోబెట్టితిని.

“మీ పెద్దల భాష మీకు ఒక్క మాటయినా రాదా?” అని మా అమ్మాయి ఒకతె ఇంగ్లీషులో అడిగినది. “గుడిలో విన్నవి, పిలుపులు కొన్ని వచ్చును. నాకు రాదని నాకు బాధ లేదు, మా అమ్మకు, ఆమె అమ్మకు కూడ రాదు” అని ఆమె నవ్వుచు చెప్పినది. మలయ్‌లోని కొన్ని మాటలు మాత్రము మాకు చెవులకు చుట్టములుగా తోచినవి. పెట్టెను ‘పెతి’ అందురు, పెట్టుబడిని ‘మొదల్’ అందురు. వడ్డీయు మొదలును అను మన మాట ఎరిగినవారికి దీనిని విప్పిచెప్ప నక్కరలేదు. తమిళమునుండి వెళ్ళినవని పండితులు చెప్పుదురు, కానిండు.

సాయంకాలము ఉజోంగ్ పాసిరులోని పోర్చుగీసు పేటకు పోయితిమి. అక్కడ చివరకు సముద్రము కనబడినది. వీరు పోర్చుగీసు తండ్రులకు, ఈ దేశపు తల్లులకు పుట్టిన సంతతి. చేపలవేట వృత్తి. ఏలిన రాజు పోయి 1641 నుండి లెక్కించిన మూడువందల ఎనుబది సంవత్సరములు దాటినది. అయినను వీరి ముసలివారు నేటికిని ‘క్రిస్తాంగు’ అను ఒక తీరు పోర్చుగీసు మాటలాడుదురు. చేపల దుకాణము ముసలమ్మ మా పిల్లలకు ‘ముతు మెర్సే’ అని వందనము చెప్పినది. పడుచువారికి అది అంతంతమాత్రమే.

రెండు జాతులును ఓడదిగినవారే, రెంటిలోను తల్లులు ఈ నేలవారే. ఒకరు దేవుని నిలుపుకొని భాషను విడిచినారు. మరొకరు దేవుని, భాషను రెంటిని నిలుపుకొన్నారు. ఎందువలన? తిరుగుదారిలో బస్సులో పిల్లలు నన్ను ఇదే అడిగినారు. నా ఊహ చెప్పితిని. పోర్చుగీసు సంతతికి చర్చి ఉన్నది. డచ్చివారు అణచియుంచినను 1710 నాటికి వారు సెయింటు పీటరు చర్చి కట్టుకొన్నారు. వారి మతగురువులు తరతరములుగా పోర్చుగీసు మాటలాడినారు. ప్రార్థన, పాట, చేపలవాడ, అన్నియు ఒకచోట. చిట్టీల దేవునికి మంత్రము సంస్కృతములోనో తమిళములోనో పూజారి చెప్పును, భక్తుడు చేయి జోడించిన చాలును. దేవుడు భాష అడుగలేదు గనుక భాష పోయినది. వర్తకము చెడిన తరువాత మన తీరమునుండి రాకపోకలును తగ్గినవి. ఇది నా ఊహయే, శాస్త్రము కాదు.

మా వెనుక సీటులోని కుర్రవాడు, “మనింట్లో కూడా దేవుడు భాష అడగడు మాస్టారూ” అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. వాడు సత్యనారాయణ వ్రతకథను ఇంగ్లీషు లిపిలో వ్రాసుకొని చదువుట నేను ఎరుగుదును.

మలేషియాలోని మన తెలుగువారిని గురించియు చెప్పితిని. తోటలకు కూలీలుగా పోయినవారి బిడ్డలు 1955లోనే మలయా ఆంధ్ర సంఘమును స్థాపించుకొన్నారు. నేడది మలేషియా తెలుగు సంఘము. వారు పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుచున్నారు, ఉగాది జరుపుచున్నారు. మలక్కా చిట్టీలకు అటువంటి సంఘము పదునారవ శతాబ్దమున లేదు.

మదరాసు చేరిన మరుసటి ఆదివారము పిల్లలు మన సంఘ కార్యాలయమునకు వచ్చి పులికాటు ఎప్పుడు పోవుదమని అడిగినారు. మనకు అరువది కిలోమీటర్ల లోపు. సరస్సు ఒడ్డున డచ్చి స్మశానమున్నది, గెల్డ్రియా కోట కందకము ఆనవాళ్ళున్నవి. ఎండలు ముదురకముందే ఒక ఆదివారము పోవలెనని నిశ్చయించినాము. అందులో ఆరుగురు, ఆ లోపల తెలుగు చదువుట నేర్పుమని తామే అడిగినారు. శనివారము సాయంకాలము అయిదు గంటలకు కార్యాలయపు పై గదిలో కూర్చుండుచున్నాము. ప్రస్తుతము ‘క’ గుణింతములో ఉన్నాము. పలకలు నాలుగు తక్కువైనవి.